నాలుగో గది సరుకు

రొయ్యలు నిలవ చేసే ఆ కోల్డ్ స్టోరేజీలో నాలుగు గదులున్నాయి. ఆడిటరమ్మ మూడు గదుల్లోకి వెళ్లి సరుకు లెక్క చూసింది. నాలుగో గదిలోకి వెళ్లలేదు. ఆ తర్వాత జరిగినదంతా అందువల్లే జరిగింది.

బాబాయి పెట్టిన ఆడిట్ ఆఫీసులో ఆమె పదేళ్లకు పైగా పనిచేస్తోంది. బాబాయికి వయసు మీద పడ్డాక సంతకాలు కూడా ఆమెవే. పనిలో చండశాసనురాలని పేరు. ఆమె బస్సెక్కితే కండక్టరు చిల్లర రెండుసార్లు చూసుకుంటాడని ఆఫీసులో కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ మాట విని ఆమే ముందు నవ్వేది.

ఆ ఏడాది చివర సరుకు చూడ్డానికి వెళ్లినప్పుడు స్టోర్ కీపర్ ఆమెకు ఒక జత గ్లవ్స్, ఒక దళసరి కోటు ఇచ్చాడు. చేతులు మునిగిపోయేంత పొడుగు, చేపల వాసన. అతను యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మొదటి గదిలో ఆమె నిచ్చెన వేయించుకుని వెనక వరస దాకా చూసింది. ఏవో కొన్ని పెట్టెలు లాగించి, మూతలు తీయించి, గడ్డకట్టిన రొయ్యలను కళ్లారా చూశాకే టిక్కు పెట్టింది. రెండో గదీ, మూడో గదీ అంతే. బయటకు వచ్చేసరికి పెదాలు నీలంగా మారాయి. కలం పట్టుకుంటే వేళ్లు వంగడం లేదు.

నాలుగో గది నడవ చివర ఉంది. ఆ తలుపు మీద ప్లాస్టిక్ కవర్లో ఒక ఫొటో అంటించి ఉంది. దాని కింద మేకుకు ఉన్ని టోపీ వేలాడుతోంది.

“ఎవరితను?” అంది.

“మా లోడింగ్ మనిషమ్మా. ఈ గదిలోనే పోయాడు. లోపలుండగా తలుపు మూతపడింది.”

“లోపల్నుంచి తీయడానికి పిడి ఉంటుందిగా?”

“ఉంటుందమ్మా,” అన్నాడు స్టోర్ కీపర్. అంతకు మించి చెప్పలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, “ఇందులో సరుకు మూడో గదిలో ఉన్నంతే అని కాగితంలో రాసే ఉంది. మావాళ్లు దీని జోలికి పెద్దగా రారు. మీరు తెరవమంటే తెరుస్తాను,” అన్నాడు.

ఆడిటరమ్మ తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది. గ్లవ్స్‌లోంచి కూడా చలి ఎముకల్లోకి దిగింది. ఫొటోలో మనిషి, స్టూడియోవాడు నవ్వమంటే నవ్వినట్టు, మూతి ఒక పక్కకి పెట్టి నవ్వుతున్నాడు. తలుపు తీస్తే అతను సరిగ్గా దాని వెనకే నిలబడి ఉంటాడనిపించింది. అది పిచ్చి ఆలోచనని తెలుసు. అయినా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

“వద్దులెండి, పాపం. చనిపోయిన మనిషి గది,” అంది.

స్టోర్ కీపర్ తాళంచెవి చేతిలో పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాడు. ఆమె ముందుకు నడిచాక మెల్లిగా వెనక వచ్చాడు. ఈ సరుకు చూసి అప్పిచ్చేవాళ్లు ఎవరైనా ఎలాగూ తమ మనిషిని పంపి చూసుకుంటారు కదా అని దారిలో ఆమె తనకు తనే చెప్పుకుంది. నాలుగో గదికి ఎదురుగా టిక్కు పెట్టింది.

రిపోర్టు తయారయ్యాక కంపెనీ యజమాని ఫోన్ చేశాడు. కొత్త అప్పు కోసం ఒక ఫైనాన్స్ సంస్థ దగ్గరికి వెళ్తున్నామనీ, రిపోర్టు నకలు ఒకటి నేరుగా వాళ్లకు పంపమనీ అడిగాడు. ఆమె పంపింది. మీ రుణ పరిశీలన కోసం పంపుతున్నామని పైన ఒక ముక్క కూడా రాసింది. అప్పు వచ్చింది. ఏడాది తిరక్కుండానే యజమాని ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడు. బిల్లు కట్టక కోల్డ్ స్టోరేజీకి కరెంటు పోయింది. ఫైనాన్స్ సంస్థవాళ్లు వచ్చేసరికి మూడు గదుల్లోంచి వీధి చివరిదాకా కుళ్లు వాసన. నాలుగో గదిలోంచి మాత్రం ఏ వాసనా లేదు. వాళ్లకు అనుమానం వచ్చింది అక్కడే. ఆ గదికి సీలు వేయించి కోర్టుకెక్కారు. యజమాని మీద వేసిన కేసు పేరుకే. అసలు కేసు ఆడిట్ ఆఫీసు మీద వేశారు.

నోటీసు చదివి బాబాయి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మనకు ఫీజు ఇచ్చింది రొయ్యల కంపెనీ. అప్పిచ్చినవాళ్లతో మనకు ఒప్పందం లేదు, ముఖపరిచయం లేదు. మీరెవరో మాకు తెలీదు పొమ్మనొచ్చు,” అన్నాడు.

“మరి అందాం బాబాయ్.”

“అనలేం అమ్మాయ్. మీకోసమే పంపుతున్నామని నువ్వే రాసిచ్చావు. నమ్ముకోమని చేతిలో పెట్టాక, నమ్మినందుకు నష్టం మీదే అంటే జడ్జి ఊరుకుంటాడా?” నోటీసులో ఒక వరస కింద వేలు పెట్టాడు. “ఇంతకీ ఆ నాలుగో గదిలో ఏం చూశావు?”

ఆమె ఆ వరస మళ్లీ చదవసాగింది. బాబాయి రెండోసారి అడగలేదు. టీ తెప్పించాడు. అది చల్లారిపోయేదాకా ఇద్దరూ ముట్టుకోలేదు.

ఆమె అక్కతో కలిసి ఉండేది. కింద అక్క టైలరింగ్ షాపు, మీద ఇల్లు. నోటీసు వచ్చిన వారానికి ఇంట్లో చప్పుళ్లు మొదలయ్యాయి. అంటే, ఆమెకు మొదలయ్యాయి. బట్టల బీరువా ముందు నిలబడితే లోపల్నుంచి ఎవరో తట్టినట్టుండేది. బయటినుంచి తలుపు కొట్టే మనిషి ఆగి ఆగి కొడతాడు, జవాబు కోసం చూస్తాడు. ఈ చప్పుడు ఆగేది కాదు. ఫ్రిజ్ తలుపు ఆమె వేసేది కాదు. తీసినది తీసినట్టే వదిలేసి వెళ్లిపోయేది.

“ఏమేవ్, ఊరందరికీ చలవ చేద్దామనా? పాలు విరిగిపోయాయి, కరెంటు బిల్లు చూస్తే నాకు జ్వరం వచ్చేలా ఉంది,” అని అక్క కేకలేసింది. చెల్లెలి ముఖం చూశాక గొంతు తగ్గించి, “ఏమైందే నీకు?” అంది.

“నేను లోపలికి వెళ్లలేదక్కా.”

“ఎక్కడికి?”

ఆమె చెప్పింది. అక్క చేతిలో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. ఆ పూటనుంచి ఫ్రిజ్ తలుపు తనే వేసేది.

ఆడిట్ ఆఫీసుకు ఇన్సూరెన్స్ ఉంది. ఆ కంపెనీ పెట్టిన లాయరు చురుకైనవాడు. మాట్లాడేటప్పుడు కాలు ఊపుతూ ఉంటాడు.

“మేడమ్, మీరు తెరవమన్నారు, స్టోర్ కీపర్ తెరవనన్నాడు. అంతే కదా?” అన్నాడు.

“తెరుస్తానన్నాడు.”

“మీకు సరిగ్గా గుర్తులేదు,” అన్నాడు లాయరు నవ్వుతూ. “సరే, దాని సంగతి తర్వాత. అప్పు ఇచ్చేముందు వాళ్ల మనిషి ఎవరో వచ్చే ఉంటారు. రాలేదంటే మనం చెయ్యగలిగింది లేదు, వచ్చి కూడా ఆ గది తెరవలేదంటే తప్పు వాళ్లదీ. అది తేలితే నష్టంలో సగం వాళ్ల నెత్తినే పడుతుంది. వాళ్ల ఫైల్లో ఎవరో వచ్చినట్టు ఒక ముక్క కూడా లేదు. కొంచెం చెవులు రిక్కించి ఉంచండి.”

రెండు పక్షాల ఎదుటా ఆ గది తెరవమని కోర్టు ఆర్డరిచ్చింది. ఆ రోజు ఎండ మండిపోతోంది. ఇద్దరు లాయర్లు, కోర్టు మనిషి, ఆడిటరమ్మ, ఫైనాన్స్ సంస్థ తరఫున ఆ అప్పు మంజూరు చేసిన ఆఫీసరు వచ్చారు. ఆ ఆఫీసరును వాళ్లందరూ లోన్ల మేడమ్ అంటున్నారు. ఆడిటరమ్మ వయసే ఉంటుంది. ఇస్త్రీ నలగని బట్టలు, చేతిలో నీళ్ల సీసా. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

జీతం రాకపోయినా స్టోర్ కీపర్ గేటు పక్క గదిలోనే ఉంటున్నాడు. సీలు తీశారు. తలుపు తెరుచుకుంది. కోర్టు మనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూసి, “ఖాళీ,” అని రాసుకుని వెనక్కి వెళ్లాడు. పక్క గదుల వాసనకు తట్టుకోలేక లాయర్లు అతని వెంటే పరుగు తీశారు. గది కొలతలు మాత్రం రాయాలి. టేపు ఆడిటరమ్మ చేతిలో ఉంది. రెండో కొస పట్టుకోవడానికి లోన్ల మేడమ్ లోపలికి వచ్చింది.

లోపల రొయ్య పొట్టు కూడా లేదు. నేల పొడిగా, మొన్ననే కట్టిన గదిలా ఉంది. కరెంటు పోయి నెలలు గడిచాయి, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, అయినా అక్కడ చల్లగానే ఉంది. ఫోన్ లైటు వెలుగులో పొడవు కొలిచారు. వెడల్పు కొలవడానికి తిరిగినప్పుడు లైటు తలుపు లోపలి వైపు పడింది.

తలుపుకు లోపల వేసిన రేకు నిండా సొట్టలు. భుజం ఎత్తున దట్టంగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ పల్చబడి, మోకాలి ఎత్తు దగ్గర ఒకటి రెండు మాత్రమే ఉన్నాయి. లోపలి పిడి తుప్పు పట్టి సగానికి విరిగిపోయి ఉంది. కింద గోడ వారగా అంచులు వంగిపోయిన ఒక ఇనప ట్రే పడి ఉంది.

మొదట నిలబడి కొట్టాడు. తర్వాత కూర్చుని కొట్టాడు. అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

టేపు లోన్ల మేడమ్ చేతిలోంచి జారి సర్రున వెనక్కి వచ్చి ఆడిటరమ్మ వేలికి కొట్టుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు కదిలింది. గాలి కావచ్చు, దాని బరువే కావచ్చు. బయటి వెలుతురు చీలికలా సన్నబడింది. ఇద్దరూ ఒక్క ఉదుటున దూకారు. లోన్ల మేడమ్ భుజం అడ్డం పెట్టింది, ఆడిటరమ్మ కాలు పెట్టింది. బయటినుంచి స్టోర్ కీపర్ కూడా పట్టుకున్నట్టున్నాడు, తలుపు ఆగిపోయింది. ఇద్దరూ రొప్పుతూ ఆ సందులోనే నిలబడ్డారు.

“నేను కూడా వచ్చాను,” అంది లోన్ల మేడమ్. గొంతు చాలా చిన్నగా ఉంది.

“ఎక్కడికి?”

“ఇక్కడికి. అప్పు మంజూరు చేసేముందు. ఆ ఫొటో చూశాను, టోపీ చూశాను. నా వల్ల కాలేదు. మీరు లెక్క చూశారు కదా, మీ సంతకం ఉంది కదా అని వెనక్కి తిరిగాను. ఆఫీసులో వచ్చినట్టే రాయలేదు. రాస్తే ఏం చూశావని అడుగుతారు.”

మీరు చూసుకుంటారని నేను వెళ్లిపోయాను అనే మాట ఆడిటరమ్మ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

బయటకు వచ్చాక స్టోర్ కీపర్ తలుపు వెయ్యకుండా దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

“ఈ సొట్టల సంగతి మీకు తెలుసా?” అని అడిగింది ఆడిటరమ్మ.

“ఆ తలుపు వేసింది నేనేనమ్మా,” అన్నాడు. “సాయంత్రం అందరూ వెళ్లారనుకున్నాను. పిడి విరిగిందని అంతకు ముందే చెప్పాం, బాగు చేయించలేదు. పొద్దున్నే తీస్తే...” చెయ్యి కిందికి చూపించాడు. “గుండె ఆగి పోయాడని సర్టిఫికెట్ రాయించారు యజమానిగారు. ఫొటో మావాళ్లే పెట్టుకున్నారు. ఆ తర్వాత ఈ గదిలో అడుగు పెట్టమని ఎవరూ ఒప్పుకోలేదు. సరుకు పెట్టడం మానేశాం. కాగితాల్లో మాత్రం పెట్టారు. వచ్చినవాళ్లకు పోయినవాడి సంగతి చెప్పమన్నారు. చెప్పాను. అబద్ధమైతే చెప్పలేదు కదమ్మా.”

“మరి తెరుస్తానని ఎందుకన్నారు?”

“తెరవండి అంటారేమోనని. మీరంటారని చూశాను. ఈవిడంటారని చూశాను. ఎవరైనా ఒక్కరు లోపలికి వస్తే, ఆ రేకు చూస్తే, ఇక నేను నోరు విప్పక్కర్లేదు కదా అనుకున్నాను.”

కొలతల కాగితం మీద రెండు పక్షాలూ సంతకం చెయ్యాలి. తలుపు లోపల సొట్టలున్నాయని కూడా రాయాలని ఆడిటరమ్మ పట్టుబట్టింది. కేసు సరుకు గురించి, సొట్టల గురించి కాదని లాయర్లిద్దరూ మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు. లోన్ల మేడమ్ కలం అందుకుని ఆ వాక్యం తనే రాసింది. ఇద్దరూ సంతకం చేశారు.

కారులో లాయరు కాలు ఊపుతూ అడిగాడు. “లోపల చాలాసేపు ఉన్నారు. ఆవిడేమైనా అందా?”

“తలుపు పట్టుకోమంది,” అంది ఆడిటరమ్మ.

ఆ రాత్రి జరిగిందంతా విని అక్క ఆమెను నిలదీసింది. “ఆ ఒక్క ముక్క చెబితే సగం బరువు దిగుతుంది. బాబాయి ఇల్లు నిలుస్తుంది. చెప్పడానికి నీకేం అడ్డం?”

“ఆమె నాకు చెప్పింది ఆ గదిలో అక్కా. ఆ రేకు ముందు నిలబడి చెప్పింది. దాన్ని తీసుకెళ్లి అమ్ముకోమంటావా?”

“అయితే బాబాయి ఇల్లు అమ్ముకుంటాడు,” అంది అక్క.

విచారణ రోజు ఫైనాన్స్ సంస్థ లాయరు ఆడిటరమ్మను బోనులో నిలబెట్టి, ఎందుకు తెరవలేదని అడిగాడు. తన లాయరు నేర్పిన జవాబు ఆమెకు కంఠతా వచ్చు.

“భయపడ్డాను,” అంది.

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఆమె లాయరు తల పట్టుకుని, పోగా మిగిలిందైనా దక్కించుకుందామని, అప్పిచ్చిన సంస్థ తరఫున ఎవరైనా ఆ చోటికి వెళ్లారో లేదో మీకు తెలుసా అని అడిగాడు.

“వాళ్లనే అడగండి.”

లోన్ల మేడమ్‌ను పిలిచారు. ఆమె బోను కమ్మీ రెండు చేతులతో పట్టుకుంది. ఆడిటరమ్మ వైపు ఒకసారి చూసింది. “నేను వెళ్లలేదు. వెళ్లాల్సిన అవసరం మా నిబంధనల్లో లేదు. ఆడిట్ రిపోర్టునే నమ్ముకున్నాం,” అంది.

లోన్ల మేడమ్ వచ్చి వెళ్లిన సంగతి తెలిసిన రెండో మనిషి స్టోర్ కీపర్. అతన్ని పిలిపించమని ఆడిటరమ్మ తన లాయరుతో అనలేదు. నష్టమంతా ఆడిట్ ఆఫీసే భరించాలని తీర్పు వచ్చింది. రిపోర్టు ఎవరికోసం పంపారో తెలిసి పంపారు, వాళ్లు దాన్ని నమ్మారు, చూడని సరుకును చూసినట్టు రాశారు కాబట్టి తప్పించుకోవడానికి లేదన్నారు. ఇన్సూరెన్స్ ఇచ్చింది ఒక మూలకు వచ్చింది. బాబాయి ఆఫీసు మూసేశాడు. ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. బోర్డు దింపించేటప్పుడు మాత్రం, “మెల్లిగా దింపండయ్యా, అది నాకన్నా పెద్దది,” అని కూలీలతో నవ్వాడు. ఆ నవ్వు ఆమెను చాలా కాలం వెంటాడింది.

ఆమె చెయ్యగలిగిన పని ఒక్కటే మిగిలింది. సంతకాలున్న ఆ కాగితం నకలు తీసుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లింది. స్టోర్ కీపర్‌ను కూడా తీసుకెళ్లింది. అతను తలుపు వేసింది తనేనని అక్కడ గుమస్తా ముందు చెప్పి, బెంచీ మీద కూలబడి చాలాసేపు ఏడ్చాడు. ఆ చావు సంగతి తిరగదోడారు. కోల్డ్ స్టోరేజీ కట్టడం అమ్మితే వచ్చే డబ్బులో ముందు చనిపోయిన మనిషి భార్యకు పరిహారం ఇవ్వాలన్నారు. దానికి అప్పిచ్చిన సంస్థ అడ్డు చెప్పవచ్చు. చెప్పలేదు. అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకం లోన్ల మేడమ్‌ది.

ఆ వారమే ఆమె టైలరింగ్ షాపుకు వచ్చింది. కోర్టులో చూసిన ముఖం కావడంతో అక్క ఆమెను పోల్చుకుని కత్తెర పక్కన పెట్టింది.

“కుట్టించుకోవడానికి రాలేదు,” అంది లోన్ల మేడమ్. మనిషి సగమైపోయింది. “మీకు ఆ తట్టడం వినిపిస్తోందా?” అని ఆడిటరమ్మను అడిగింది.

ఆడిటరమ్మ తలూపింది.

“నాకు కోర్టు రోజునుంచి మొదలైంది.”

పరిహారం సంగతి చెప్పడానికి ఇద్దరూ కలిసి చనిపోయిన మనిషి భార్య దగ్గరికి వెళ్లారు. ఆమె ఒక లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తోంది. బట్టల మూటల మధ్య వాళ్లకు స్టూళ్లు వేసింది. కాగితం చదివించుకుంది. రేకు సంగతి ఆడిటరమ్మే చెప్పింది. చెప్పక తప్పదు, పరిహారం వచ్చింది దానివల్లే. విన్నంతసేపూ ఆవిడ చొక్కా చేతి మడత మీద ఇస్త్రీ పెట్టె ఆడిస్తూనే ఉంది.

“గుండె ఆగిందన్నారు. నిద్రలో పోయినట్టు పోయాడన్నారు,” అంది చివరికి. “ఇన్నేళ్లూ నేను దాన్ని పట్టుకునే బతికానమ్మా. ఎంతసేపు కొట్టాడు?”

లోన్ల మేడమ్ కాగితం మడత విప్పి మళ్లీ మడిచింది.

“మీరు చదువుకున్నవాళ్లు కదా. ఆ సొట్టలు చూస్తే తెలీదా?”

“తెలీదమ్మా,” అంది లోన్ల మేడమ్.

“డబ్బు అవసరమే. కాదనను. తీసుకుంటాను,” అని ఆవిడ చొక్కా మడిచి పక్కన పెట్టి ఇంకొకటి అందుకుంది. ఇక వాళ్ల వైపు చూడలేదు.

వీధిలోకి వచ్చాక లోన్ల మేడమ్ మలుపు దగ్గర ఆగి, “మీ లాయరు అడ్రసు ఇవ్వండి,” అంది.

“ఇప్పుడెందుకు? అయిపోయింది కదా.”

“నాకు అవ్వలేదు.”

ఆమె తను ఆ తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చానని రాసి సంతకం చేసి ఇచ్చింది. ఉద్యోగం పోయింది. అబద్ధపు సాక్ష్యానికి వేరే కేసు పడింది. అప్పీలులో నష్టం రెండు పక్షాలకూ చెరి సగం చేశారు. బాబాయి ఇల్లు తాకట్టు విడిపించుకోగలిగాడు. ఆఫీసు మాత్రం మళ్లీ తెరవలేదు. ఆడిటరమ్మ ఇప్పుడు చిన్న దుకాణాలకు పద్దులు రాస్తూ, ఖాళీ వేళల్లో అక్కకు గుండీలు కుడుతూ ఉంటుంది.

అప్పీలు తీర్పు రోజు ఇద్దరూ కోర్టు గుమ్మంలో ఎదురుపడ్డారు. తీర్పు చెప్పే హాలు పై అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపులు తెరుచుకుని ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. లోన్ల మేడమ్ దాని ముందు ఒక్క క్షణం ఆగి, మెట్ల వైపు తిరిగింది. ఆడిటరమ్మ అప్పటికే మెట్లెక్కుతోంది.